కాళ్ళు కడిగే కుర్చీ

ఇస్త్రీ అక్క మొగుడితో కలిసి సముద్రం అవతల దేశానికి వెళ్ళి, అక్కడ కొత్తగా సంఘం మొదలుపెట్టబోతోందని తెలిసినప్పుడు లాండ్రీలో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ మొగుడి సంగతి వేరు. ఆయన లాండ్రీ వ్యాను నడుపుతాడు. ఆసుపత్రుల్లో ఉతికిన దుప్పట్లు దింపే ప్రతిచోటా ఒక మంచి మాట, ఒక చిన్న ప్రార్థన కూడా దింపి వస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. అందరూ వ్యాను బ్రదర్ అంటారు. కానీ ఇస్త్రీ అక్కా? ఇస్త్రీ రోలరులోకి దుప్పటి వంకరగా అందించిందని పక్కమనిషిని పొద్దున కసిరితే, సాయంత్రం గేటు దాటేదాకా ఆ మనిషి మొహం చూడదు. అలాంటావిడ పోయి పరాయివాళ్ళకు క్షమాపణ గురించి బోధిస్తుందా అని నవ్వుకున్నారు. ఆ నవ్వులో తప్పేమీ లేదు. ఆవిడ ఎందుకు ఒప్పుకుందో వాళ్ళకు తెలియదంతే.

సంఘంలోవాళ్ళకూ తెలియదు. వాళ్ళు దాన్ని దేవుని పిలుపు అన్నారు. పిలుపు వచ్చిన మాట నిజమే, కానీ అది వ్యాను బ్రదర్‌కు వచ్చింది. ఇస్త్రీ అక్క ఒప్పుకున్నది ఒక కుర్చీ కోసం.

ఆ కుర్చీ సంగతి చెప్పాలి. వాళ్ళ సంఘంలో ఎవరినైనా దూరదేశానికి సేవకు పంపేటప్పుడు ఒక పద్ధతి ఉంది. హాలు ముందు భాగంలో రెండు చెక్క కుర్చీలు వేసి, వెళ్ళే దంపతుల్ని కూర్చోబెడతారు. పంపే కమిటీ పెద్ద నీళ్ళ పళ్ళెం, తువాలు తెచ్చుకుని వాళ్ళ ముందు మోకరిస్తాడు. నీళ్ళు ముట్టుకోకముందే, "నా వల్ల మీకేమైనా బాధ కలిగి ఉంటే ఇప్పుడే చెప్పండి" అని అడగాలి. కూర్చున్నవాళ్ళు "ఏమీ లేదండీ" అనాలి. అప్పుడు కాళ్ళు కడుగుతాడు, తుడుస్తాడు, అందరూ కళ్ళు ఒత్తుకుంటారు, భోజనాలకు లేస్తారు. ఏనాడూ ఎవరూ ఇంకో జవాబు చెప్పలేదు. కొన్నేళ్ళ కిందట ఒక జంటను పంపారు. వాళ్ళకూ అప్పటి కమిటీ పెద్దకూ మధ్య గోడ తగాదా ఉందని, ఒకరి మొహం ఒకరు చూసుకోరని ఊరంతటికీ తెలుసు. అయినా "ఏమీ లేదండీ" అన్నారు. హాలంతా స్తోత్రం అంది.

వెనక వరసలో కూర్చున్న ఇస్త్రీ అక్క మాత్రం స్తోత్రం అనలేదు. ఉంది అని చెబితే ఏమవుతుంది, అని ఆలోచించింది. మోకాళ్ళ మీదున్న మనిషి సగంలో లేచి వెళ్ళలేడు. పాస్టరుగారు మధ్యలో ఆపలేరు. అడిగింది వాళ్ళే, చెప్పమన్నది వాళ్ళే. ఆ తర్వాత ఏడాదే సూపర్‌వైజరు కమిటీ పెద్ద అయ్యాడు. ఆ రోజు నుంచి ఇస్త్రీ అక్కకు ఆ కుర్చీ మీద మనసు పడింది.

సూపర్‌వైజరు అంటే లాండ్రీ పాత సూపర్‌వైజరు. ఇప్పుడు రిటైరయ్యాడు. సంఘంలో అందరూ "పెద్దన్నా" అంటారు. చల్లని మనిషి, చక్కటి కంఠం, ప్రార్థనకు లేస్తే గోడలు కరగాలి. ఇస్త్రీ అక్క ఆయన్ని ఏనాడూ పెద్దన్నా అనలేదు. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ కళ్ళు తెరిచే ఉంచేది.

ఆవిడ తండ్రి ఆ లాండ్రీలోనే బాయిలర్ మనిషి. రోలర్లకూ డ్రయ్యర్లకూ కావలసిన ఆవిరంతా ఆ బాయిలర్‌లోంచే వస్తుంది. దాని నెత్తిన ఒక సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే అది తనంతట తాను లేచి, బుస్సుమని ఆవిరి వదిలేస్తుంది. అది లేచినప్పుడల్లా రోలర్లు కాసేపు చల్లబడతాయి, పని వెనకబడుతుంది. సూపర్‌వైజరుకు అది కంట్లో నలుసు. ఆ రోజు ఏదో హోటల్లో పెద్ద వేడుక, దుప్పట్లు సాయంత్రంలోగా పోవాలి. వాల్వు మాటిమాటికీ లేస్తోంది. సూపర్‌వైజరు స్టూలు ఎక్కి దాని మీటను ఇనుప తీగతో బిగించి కట్టాడు. "అది కట్టకూడదయ్యా" అన్నాడు తండ్రి. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు సూపర్‌వైజరు.

ఇస్త్రీ అక్క అప్పుడు ఇస్త్రీ అక్క కాదు, మడతల విభాగంలో కొత్తగా చేరిన పిల్ల. తండ్రికి టీ పట్టుకెళ్ళింది. బాయిలర్ గది గుమ్మం దగ్గర ఉండగా పైపు జాయింటు పేలింది. తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు. అది కాస్త పలచబడ్డాక చూస్తే తండ్రి నేల మీద ఉన్నాడు, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని. సూపర్‌వైజరు గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. తండ్రిని దాటాడు. స్టూలు ఎక్కాడు. కటింగ్ ప్లయరుతో వాల్వు మీద తీగ కోసి, చుట్టచుట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత దిగి, "ఎవరైనా రండ్రా!" అని అరిచాడు.

ఆయన ముందు తీగ చూశాడు, తర్వాత మనిషిని చూశాడు. ఇస్త్రీ అక్క జీవితమంతా ఈ ఒక్క వరస మీద నిలబడి ఉంది. కట్టడం పనితొందర అనుకోవచ్చు, బుద్ధిలేనితనం అనుకోవచ్చు. ఆ కోయడాన్ని మాత్రం ఏమనుకోవాలో ఆవిడకు ఈనాటికీ తోచలేదు.

బాయిలర్ మనిషి నిద్రపోయాడు, నీళ్ళు తగ్గిపోతే చూసుకోలేదు, అందుకే పేలింది అని సూపర్‌వైజరు చెప్పాడు. అందరూ నమ్మారు. తండ్రి చేతులు వంకర్లు పోయాయి, మొహం సగం మారిపోయింది. కూతురు గేటు దగ్గరకెళ్ళి అరుస్తానంటే, "నోరు మూసుకో, నీ ఉద్యోగం కూడా పోతే అమ్మకు దిక్కెవరు" అని ఒట్టు వేయించుకున్నాడు. మడతల విభాగంలో ఒక పిన్ని ఉండేది, మాటకు ముందు నవ్వు పుట్టే మనిషి. ఆవిడ ఆయనకు "నిద్రమొహం" అని పేరు పెట్టింది. చెడ్డదేమీ కాదు, ఊరికే సరదాకు. ఆ పేరు ఆయనకు అతుక్కుపోయింది. ఆయన పోయిన రోజున శవం దగ్గర కూడా ఎవరో "పాపం నిద్రమొహం, నిజంగానే నిద్రపోయాడు" అన్నారు. ఇస్త్రీ అక్క విన్నది. విని కడుపులో పెట్టుకుంది.

కడుపులో పెట్టుకున్నది ఊరికే ఉంటుందా? ఉండలేదు. సూపర్‌వైజరు తెల్ల చొక్కాలు రిటైరయ్యాక కూడా లాండ్రీకే వచ్చేవి. వాటికి ఇస్త్రీ చేసేది ఆవిడే. ప్రతి చొక్కాకూ వీపు మధ్యలో, తొడుక్కున్నవాడికి కనబడనిచోట, ఒక అడ్డ మడత పెట్టి ఆవిరి పట్టేది. ఆదివారం ఆయన వెనక వరసలో కూర్చుని, ఆరాధన సాగినంతసేపూ ఆ మడతను చూసుకుంటూ ఉండేది. చిన్న బుద్ధి అంటారా? చిన్న బుద్ధే. పెద్ద పగకు చోటు దొరకనివాళ్ళు ఏం చేస్తారు, దొరికిన గుడ్డ మీదే తీర్చుకుంటారు.

వ్యాను బ్రదర్‌కు ఆ దేశం మీద భారం, వెళ్ళి సేవ చెయ్యాలన్న తపన, పుట్టి చాలా ఏళ్ళయింది. అక్కడొక ఓడరేవు పట్నం ఉందట. చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు ఎక్కడెక్కడినుంచో కూలికి వచ్చినవాళ్ళు గదికి ఇంతమందని కిక్కిరిసి ఉంటారట. ఆదివారం వస్తే పలకరించే దిక్కుండదట. ఒక గది అద్దెకు తీసుకుని, కుర్చీలు గుండ్రంగా వేసి, వచ్చినవాళ్ళకు వేడి టీ ఇచ్చి, ఒక వాక్యం చదువుకుంటే చాలు, అదే సంఘం అవుతుంది అనేవాడు. బతకడానికి అక్కడి లాండ్రీలోనే ఇద్దరికీ పని చూసిపెట్టారు. ఇన్నేళ్ళూ "నేను రాను" అన్న పెళ్ళాం ఒకరోజు దుప్పటి దులుపుతూ "సరే, వెళదాం" అనేసరికి ఆయన అక్కడే మోకాళ్ళ మీద పడి ఏడ్చేశాడు. ఆవిడకు కొంచెం సిగ్గేసింది. అయినా దిద్దలేదు.

ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. పాతబట్టల కొట్లో ఉన్ని కోట్లు కొన్నారు. అవి తనకంటే ముందు ఎవరు తొడిగారో అని ఆవిడ మూడుసార్లు ఆవిరి పట్టింది. ఆయన అలవాటు కోసమని వంటింట్లో కోటు తొడుక్కుని తిరిగి, చెమటలు కక్కుతూ "చలి బాగానే ఆపుతోందే" అనేవాడు. కొత్త భాష నేర్చుకోవడానికి ఫోన్లో పాఠాలు పెట్టుకున్నారు. ఆవిడ ఇస్త్రీ చేస్తూ ఉండేది, ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని పలికించేవాడు. ఆయన ముందుగా నేర్చుకున్నవి రండి, కూర్చోండి, ఆకలిగా ఉందా, దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు. ఆవిడ అడిగి మరీ నేర్చుకున్నవి ఆవిరి, తీగ, అబద్ధం, సాక్షి.

"ఈ మాటలతో అక్కడ సంఘం పెడతావా, పోలీస్ స్టేషను పెడతావా?" అని నవ్వాడాయన.

"రెండూ కావాలి ఏ ఊరికైనా" అంది ఆవిడ.

క్షమించు అనే మాట దగ్గర మాత్రం ఆవిడ నాలుక తిరిగేది కాదు. ఫోన్లో ఆ గొంతు ఓపికగా మళ్ళీ మళ్ళీ చెప్పేది. ఆవిడ కాలరు నొక్కుతూ "తర్వాతది పెట్టండి" అనేది. అలా ఒక సాయంత్రం ఆయన ఫోను పక్కన పెట్టేశాడు.

"ఏముందే నీ మనసులో?"

ఆవిడ దాచుకోలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తీగ సంగతి పెళ్ళయిన కొత్తలో చెప్పినదే మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నాక ఏం చెయ్యబోతోందో కూడా చెప్పింది. ఆయన మొహం తెల్లబోయింది.

"అలా అంటే మనల్ని పంపరు."

"పంపకపోతే మానెయ్యనీయండి."

"ఎన్నేళ్ళ భారమో తెలుసు కదే నీకు?"

"నాది అంతకంటే పాతది."

"క్షమించేస్తే పోతుంది కదా."

"ఆయన అడిగాడా? అడగనివాడికి ఇంటికెళ్ళి ఇచ్చి రావడానికి అదేమన్నా ఉతికిన దుప్పటా?"

వ్యాను బ్రదర్ కొన్నాళ్ళు ముభావంగా తిరిగాడు. తర్వాత ఉన్నట్టుండి తేలికపడ్డాడు. పాటలు పాడుకుంటూ ట్రంకు పెట్టె సర్దాడు, అత్తగారికి మందులు తెచ్చిపెట్టాడు, కుర్చీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన మనసు రాయి చేసుకున్నాడనుకుంది ఇస్త్రీ అక్క. ఏమైతే అదవుతుందని దేవుడి మీద భారం వేశాడనుకుని, ఆయన మీద జాలిపడింది కూడా. ఆ జాలిలో ఆయనకు ఇష్టమైన కూర వండింది.

పంపే ఆదివారానికి ముందు సూపర్‌వైజరు చొక్కా వచ్చింది. ఈసారి ఆవిడ వీపు మీద మడత పెట్టలేదు. ఒక్క ముడత లేకుండా, కాలరు కత్తిలా నిలబడేట్టు చేసింది. కూలేటప్పుడు మనిషి చక్కగా కనబడాలని ఆవిడ ఆలోచన.

వాళ్ళ హాలు ఒక సైకిళ్ళ కొట్టు మీద మేడ. ప్లాస్టిక్ కుర్చీలు, గోడలకు ఫ్యాన్లు, కిటికీ బయట వీధికేసి తిప్పిన ఒక లౌడ్ స్పీకరు. ఆ రోజు మెట్ల మీద కూడా జనం ఉన్నారు. లాండ్రీ నుంచి చాలామంది వచ్చారు, మడతల పిన్ని అయితే మొదటి వరసలోనే కూర్చుంది. కమిటీ పెద్ద చేతికి తువాలు అందించే బాధ్యత ఈసారి ఆవిడదే. ఆవిడ పక్కన ఇస్త్రీ అక్క తల్లి. చెవులు సరిగా వినపడవు, అందుకని ముందుకు వంగి, ఎవరి పెదవులు కదిలితే వాళ్ళకేసి చూస్తూ ఉంది.

పాస్టరుగారు ప్రసంగం చేశారు. పాటలు పాడారు. ఇద్దరూ చెక్క కుర్చీల్లో కూర్చున్నారు. వ్యాను బ్రదర్ ప్యాంటు మడమల పైకి మడిచాడు. ఇస్త్రీ అక్క చెప్పులు విప్పి పక్కన పెట్టింది. పెళ్ళి రోజున కూడా ఆవిడ ఇంత సంతోషంగా లేదు. సూపర్‌వైజరు నీళ్ళ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఒక చిన్న మెత్త వేశారు. దాని మీద నెమ్మదిగా మోకరించాడు. నెత్తి మీద జుట్టు పలచబడి, చర్మం కనబడుతోంది. ఆ నెత్తిని పై నుంచి చూడడం ఆవిడకు అదే మొదటిసారి.

"నా వల్ల మీకేమైనా బాధ కలిగి ఉంటే..." అని మొదలుపెట్టాడు సూపర్‌వైజరు. ఇస్త్రీ అక్క నోరు తెరిచింది. కానీ ఆయన ఆగలేదు.

"...అని అడగడం కాదు, ఈ రోజు నేనే చెబుతున్నాను. ఈ అమ్మాయి కుటుంబానికి ఒకప్పుడు నా బలహీనత వల్ల అన్యాయం జరిగింది. పనితొందరలో తప్పు చేశాను. ఇన్నేళ్ళూ నా గుండె మీద రాయిలా మోశాను. ఈ రోజు ఈ పాదాల దగ్గర ఆ రాయి దింపుకుంటున్నాను. నన్ను క్షమించమ్మా."

ఆ కంఠం గురించి ముందే చెప్పాను కదా. చివరి మాట దగ్గర అది వణికింది. మొదటి వరసలో ఎవరో వెక్కారు. స్తోత్రం, స్తోత్రం అని వెనకనుంచి అందుకున్నారు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంత పెద్దమనిషి ఇంత తగ్గించుకున్నాడే అని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. ఇస్త్రీ అక్క కళ్ళ ముందే ఆయన మోకాళ్ళ మీదుండి కూడా పెద్దవాడైపోతున్నాడు. ఇన్నేళ్ళు ఆవిడ దాచుకున్నదాన్ని అందరి ఎదుటా జేబులోంచి కొట్టేశాడు. ఇక మిగిలింది ఆవిడ తలూపి, క్షమించానండీ అని, ఆయన్ని దేవదూతను చేసి పంపడమే. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"ఏ తప్పు?" అంది.

హాల్లో చప్పుడు కొంచెం తగ్గింది. సూపర్‌వైజరు తలెత్తాడు.

"ఏ తప్పు చేశారు? అదేమిటో చెప్పండి."

పాస్టరుగారు మైకు చేత్తో మూసి, ఆవిడ మీదికి వంగారు. "అమ్మా, ఒప్పుకున్న పాపాన్ని మనం తవ్వకూడదు. ప్రభువే దాన్ని మరిచిపోయాడు."

"ప్రభువు మరిచిపోయారేమో అయ్యగారూ. ఈయనకు గుర్తుంది కదా. గుర్తున్నవాళ్ళనే అడుగుతున్నాను."

సూపర్‌వైజరు ఆవిడకేసి కాకుండా పక్క కుర్చీకేసి తిరిగాడు. అక్కడ వ్యాను బ్రదర్ తల వంచుకుని తన కాళ్ళను తానే చూసుకుంటున్నాడు.

"తమ్ముడూ, ఇంతవరకూ చెబితే చాలన్నావు కదా?" అన్నాడు సూపర్‌వైజరు.

ఇస్త్రీ అక్క మొగుడికేసి తిరిగింది. ఆయన తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ పాటలు ఎందుకు పాడుకున్నాడో, ఆ తేలికదనం ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. వ్యాను తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. కూర్చున్నాడు. తన తండ్రి కాలిన చేతుల్ని ఈ ఇద్దరూ కలిసి బల్ల మీద పెట్టుకుని, ఎంతవరకు చెబితే ఎవరికీ నొప్పి ఉండదో బేరమాడుకున్నారు. ఆ తర్వాత ఆవిడ జాలిపడి వండిపెట్టిన కూర కూడా తిన్నాడు.

"మీరేనా నేర్పింది?"

"గొడవ లేకుండా అయిపోతుందని..." అన్నాడాయన, నేలకేసే చూస్తూ.

ఆవిడ ఆయన్ని అప్పటికి పక్కన పెట్టింది. ఒక పని సగంలో వదిలి రెండోది ఎత్తుకునే అలవాటు ఆవిడకు లేదు. సూపర్‌వైజరుకేసి తిరిగింది.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా? నేను చెబితే నాకు వచ్చినట్టు చెబుతాను."

"దేవుడికి తెలుసమ్మా అంతా" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆయనకు తెలుసు. వీళ్ళకు తెలియదు. వాల్వు ఎవరు కట్టారు?"

ఆయన కళ్ళు హాలంతా తిరిగాయి. లేద్దామని పళ్ళెం అంచు మీద చెయ్యి ఆనించాడు, మోకాళ్ళు సహకరించలేదు. ఎవరైనా లేపుతారేమోనని చూశాడు. ఎవరూ కదల్లేదు. ఇప్పుడు అందరికీ వినాలని ఉంది.

"నేనే" అన్నాడు.

"దేనితో?"

"తీగతో."

"మా నాన్న ఏమన్నాడు?"

"కట్టొద్దన్నాడు."

"పేలిన తర్వాత మీరు గదిలోకి వచ్చారు. వచ్చి ముందుగా ఏం చేశారు?"

సూపర్‌వైజరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. తీగ కట్టిన సంగతి ఆవిడకు తెలుసని వ్యాను బ్రదర్ చెప్పి ఉండాలి. ఇది మాత్రం చెప్పి ఉండడు. ఎవరూ చూడలేదనుకుని ఇన్నేళ్ళు బతికిన మనిషి, చూసిన కళ్ళలోకి అప్పుడే మొదటిసారి చూశాడు.

"నేను గుమ్మంలోనే ఉన్నాను. టీ గ్లాసు పట్టుకుని" అంది ఇస్త్రీ అక్క.

"ముందు... తీగ కోసేశాను."

"మా నాన్న ఎక్కడున్నాడప్పుడు?"

"కిందే ఉన్నాడు. దాటుకుని వెళ్ళాను." ఇంచుమించు గొణిగాడు.

మొదటి వరసలోంచి తల్లి గొంతు లేచింది. "ఏమంటున్నాడే? నాకు వినపడట్లేదు."

ఇస్త్రీ అక్క పాస్టరుగారి చేతిలోంచి మైకు తీసుకుంది. తీసుకుందంటే లాక్కుంది. దాన్ని సూపర్‌వైజరు నోటి ముందు పెట్టింది.

"గట్టిగా చెప్పండి. మా అమ్మకు వినపడలేదట. మొదటినుంచీ."

ఆయన చెప్పాడు. వాల్వు కట్టింది తానేనని, వద్దన్నా కట్టాడని, పేలాక ముందు తీగ కోసి జేబులో వేసుకున్నాడని, ఆ తర్వాతే మనుషుల్ని పిలిచాడని, బాయిలర్ మనిషి నిద్రపోయాడని చెప్పింది అబద్ధమని. ఈసారి ఆ కంఠంలో వణుకు లేదు, తీపి లేదు, ఏమీ లేదు. ఒక్కో మాటా స్పీకర్లోంచి కిటికీ బయటికి పోయి వీధిలో పడింది. కింద సైకిళ్ళ కొట్టులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

మడతల పిన్ని తువాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆవిడ వంక చూసినవాళ్ళెవరూ లేరు, ఇస్త్రీ అక్క తప్ప. బాగా, తనివితీరా చూసింది.

తల్లి పెదవులు మెల్లగా కదిపి, విన్నదాన్ని తనలో తాను మళ్ళీ చెప్పుకున్నట్టుంది. తర్వాత అంది, "అయితే నిద్రపోలేదన్నమాట."

"లేదమ్మా. చెప్పాను కదా నీకు."

"నువ్వు చెబితే... నాన్న మీద ప్రేమ కొద్దీ అంటున్నావనుకున్నానే" అంది తల్లి.

ఇస్త్రీ అక్క చేతిలో మైకు ఒళ్ళోకి జారింది. కట్టుకున్నది కూడా నమ్మలేదు. ఆవిరికి కాలిన ఆ చేతులకు ఆయన బతికున్నన్నాళ్ళూ మందు రాస్తూ, పక్కన పడుకుంటూ, లోపల ఎక్కడో ఆవిడ కూడా ఆయన నిద్రపోయాడనే అనుకుంది. ఆయనకు అది తెలుసేమో కూడా. ఆ ఆలోచన తగలవలసినచోట తగిలింది. సూపర్‌వైజరు కూలిపోవడం చూస్తే కడుపు నిండిందా అంటే నిండింది, అందులో అబద్ధం లేదు. మరో నూరేళ్ళకు సరిపడా నిండింది. కానీ ఆ నిండిన కడుపుతోనే ఆవిడకు ఏడుపు వచ్చింది. అది మొహం మీదికి రానివ్వలేదు.

సూపర్‌వైజరు అలవాటుకొద్దీ పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. ఆవిడ కాళ్ళు పైకి తీసుకుంది.

"మీరు లేవండి. మీతో నా పని అయిపోయింది."

ఇద్దరు పట్టుకుంటే ఆయన లేచాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరకు నడిచాడు. మెట్ల మీద జనం దారి ఇచ్చారు. పెద్దన్నా అని ఎవరూ అనలేదు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "మరి అమ్మా, క్షమించానని ఒక్క మాట..."

"అది తర్వాత చూద్దాం అయ్యగారూ."

"అలాగైతే మిమ్మల్ని పంపే విషయం కమిటీ మళ్ళీ..."

"అది మీరూ, మా ఆయనా మాట్లాడుకోండి. బాగా మాట్లాడతారు ఆయన" అంది ఇస్త్రీ అక్క. అప్పుడు పక్కకు తిరిగింది.

వ్యాను బ్రదర్ ఇంకా అలాగే ఉన్నాడు. ప్యాంటు మడమల పైకి మడిచి, తడవని కాళ్ళతో. ఆయన కలగన్న గుండ్రటి గది, వేడి టీ, ఆదివారం, అన్నీ ఈ హాల్లోనే ఎక్కడో పడిపోయాయి. ఆయన మంచివాడు. ఆ మాటకొస్తే ఆవిడకు తెలిసినవాళ్ళందరిలోకీ మంచివాడు. ఎవరికీ నొప్పి తగలకూడదనుకునే మంచితనం అది. తగిలినవాళ్ళు నోరు మూసుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది. ఆవిడ తండ్రికి జరిగింది కూడా అదేనని ఆయనకు తట్టనే లేదు. సూపర్‌వైజరు మీద ఇన్నేళ్ళు మండినదానికంటే ఇప్పుడు ఈ మనిషి మీద ఎక్కువ మండుతోంది. శత్రువు చేసినదాన్ని ఒకరోజున అందరి ముందూ దింపుకోవచ్చు. పక్కన పడుకునే మనిషి చేసినదాన్ని ఎక్కడ దింపుకుంటారు?

"దిగండి" అంది.

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"కుర్చీ దిగండి. కింద కూర్చోండి."

హాలంతా చూస్తుండగా వ్యాను బ్రదర్ దిగాడు. సూపర్‌వైజరు వదిలిన మెత్తను పక్కకు తోసి, ఒట్టి నేల మీద మోకరించాడు. ఇస్త్రీ అక్క కాళ్ళు చాచింది. రోలరు ముందు ఏళ్ళతరబడి నిలబడి ఉబ్బిపోయిన కాళ్ళు, నీలం నరాలు తేలిన కాళ్ళు. వాటిని ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ చూసినట్టు లేదు. ఒక మడమ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"వస్తావా నాతో?" అన్నాడు, ఆవిడకు మాత్రమే వినపడేలా. కానీ మైకు ఆవిడ ఒళ్ళోనే ఉంది. ఆ మాట హాలంతా విన్నది, కింద వీధి కూడా విన్నది.

"ముందు కడగండి" అంది ఇస్త్రీ అక్క.